పాపం అంటని మనిషి

శేషగిరి గారు అనగానే నాకు ఇప్పటికీ సిడ్నీ శివారు బ్లాక్‌టౌన్‌లో, మా అద్దెయింటి వంటింట్లో రెండు పొయ్యిల మధ్య నిలబడిన ఆయన వీపే కనిపిస్తుంది. తొంభై ఎనిమిది డిసెంబరు. ఆ ఏడు అయ్యప్ప దీక్షా, రంజానూ ఒకే నెలలో వచ్చిపడ్డాయి. నేను మాలలో ఉన్నాను. మా ఇంట్లోనే ఉండే హైదరాబాదు ఉమర్ రోజా ఉపవాసంలో ఉన్నాడు. మా ఇద్దరి కోసం తెల్లవారకముందే లేచి వండింది మాత్రం ఏ దేవుడూ లేని ఈ మహానుభావుడు! ఉమర్‌కి ఖీమా, నాకు ఉల్లీ వెల్లుల్లీ తగలని పప్పు. గరిటెలు కూడా కలవనిచ్చేవారు కాదు.

"కలిస్తే నాకేం కాదయ్యా స్వామీ, నీ మనసు కష్టపడుతుంది," అనేవారు.

ఆయనది గుడివాడ దగ్గర పల్లె. తండ్రి బడిపంతులు, మొండి నాస్తికుడు. కొడుకు పెళ్ళి అమావాస్యనాడు, మంత్రాలూ పురోహితుడూ లేకుండా దండలు మార్పించి చేశాడట. ఆ భార్య కాత్యాయని సింగపూరులో జబ్బు చేసి పోయింది. "అమావాస్య పెళ్ళి కదా, అందుకే," అని బంధువులు ఎత్తిపొడిస్తే, "పదిహేనేళ్ళు హాయిగా ఉన్నాం, అదీ అమావాస్య పుణ్యమేనా?" అని నవ్వేవారట. తర్వాత ఒక్కరే సిడ్నీ వచ్చి, వైటూకే పనిలో, అంటే రెండంకెల్లో రాసిన పాత తేదీలు రెండువేలని పంతొమ్మిదివందలుగా లెక్కకట్టకుండా సరిచేసే పనిలో, కోబాల్ ప్రోగ్రాములు రాసుకుంటూ ఉండిపోయారు.

నా సంగతి చెప్పాలి. తెనాలి ట్యుటోరియల్లో లెక్కలు చెప్పుకునే నన్ను, కన్సల్టెన్సీ వాడు కాగితం మీద మూడేళ్ళ అనుభవం ఉన్న ప్రోగ్రామర్‌ని చేసేశాడు. నిజానికి నేను కోబాల్ నేర్చుకున్నది శేషగిరి గారి భోజనాల బల్ల దగ్గర, రెండు నెలలు. ఆసుపత్రులకి సాఫ్ట్‌వేర్ చేసే ఆఫీసులో ఇంటర్వ్యూ బాగా జరిగింది. ఇక నా పాత బాసుకి ఫోన్ చేసి అడుగుతారు. పాత బాసు ఎవడు? ఎవడూ లేడు. ఆయనకి చెప్పకుండానే శేషగిరి గారి పేరూ, మా ఇంటి నంబరూ ఇచ్చాను. వీసా గడువుకి ఆరు వారాలే మిగిలాయి.

మొదట ఉమర్‌ని, ఆ పేరుతో ఫోన్లో మాట్లాడమని అడిగాను. "రోజాలో ఉన్న భాయ్! జూట్ మాట్లాడితే రోజా ఖరాబైతది," అని చెవులు మూసుకున్నాడు. నేను గొంతు మార్చి మాట్లాడదామంటే మెడలో మాల. ఇద్దరం కూర్చుని ఆలోచించి, ఎంతో తెలివైన పరిష్కారం కనిపెట్టాం.

"గురువుగారూ, మీకు దేవుడూ లేడు, పాపమూ లేదు. ఆ మాటేదో మీరు చెప్పేస్తే ఎవరికీ అంటదు," అన్నాను.

కత్తిపీట మీద వంకాయ ఆగింది. ఆయన పడీ పడీ నవ్వారు. "అయితే మీ చెత్త పోసుకోడానికి నా వాకిలి దొరికిందన్నమాట!" అని, "ఆ ప్రోగ్రాము ఏం చేస్తుంది?" అని అడిగారు.

"పసిపిల్లల పుట్టినతేదీలు. వయసుని బట్టి మందు మోతాదు."

"రెండువేలలో పుట్టే పిల్ల నీ చేతిలో నూరేళ్ళ ముసలమ్మ అయిందనుకో, ముసలమ్మ మోతాదే పోస్తారు. ఆ పిల్ల ఇంకా కడుపులో కూడా పడలేదు, వచ్చి నిన్ను అడగలేదు. దాని తరఫున మనమే అడగాలి కదయ్యా."

"నేను తప్పు చేస్తానని మీకెలా తెలుసు?"

"తెలీదు. ఆ తెలీదన్న మాటే ఆ ఆఫీసు వాళ్ళకి చెప్పాలి."

నాకు ఒళ్ళు మండిపోయింది. "పెళ్ళాం పోయినా కరగని రాయి మీరు! మీకేం తెలుస్తుంది నా బాధ?" అనేశాను. ఆయన వంకాయలు తరిగి నీళ్ళలో వేశారు.

ఫోన్ కోసం ఎదురుచూసిన ఆ మూడు రోజులూ, అక్కడి డిసెంబరు వేసవి ఎండ నిప్పులు చెరిగింది. మధ్యాహ్నాలు నేలమీద నల్లబట్టల్లో పడుకుంటే, నిద్రో మెలకువో తెలియని మగత. దూరంగా రైలు వెళ్తుంటే కిటికీ కిటికీకీ ఒక పసిపాప కనిపించేది. అందరికీ తెల్లటి జుట్టు. వాళ్ళలో ఒక పాప నా గడ్డం పట్టుకుని, "నాకెన్నేళ్ళు నాయనా?" అని ముద్దుగా అడిగింది. చెప్పలేక లేచి కూర్చున్నాను.

గురువారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. శేషగిరి గారు ఇంట్లో లేరు. నేనే ఎత్తాను. ఎవరో ఆడమనిషి, "మిస్టర్ శేషగిరి?" అంది. ఎస్ అంటే చాలు. ఒట్టు, అప్పుడు నాకు స్వామి గుర్తు రాలేదు, మాల గుర్తు రాలేదు. ఆ పాప అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పాలనిపించింది, అంతే. నా పేరు రామ్మోహన్ అనీ, మూడేళ్ళు అబద్ధమనీ, నేర్చుకుంది రెండు నెలలేననీ చెప్పేశాను. ఆమె థాంక్స్ చెప్పి పెట్టేసింది. ఉద్యోగం పోయింది, ఇక ఇంటిదారే.

అంతలో శేషగిరి గారు చెమటతో తడిసి ముద్దయి వచ్చారు. బూట్లు కూడా విప్పకుండా, "ఫోన్ వచ్చిందా?" అన్నారు. "స్టేషన్ దాకా మూడుసార్లు తిరిగానయ్యా. ఆలోచించాను. మూడేళ్ళు నా దగ్గరే చేశాడని చెప్పేస్తాను. నువ్వు రాసే ప్రతి లైనూ నేనే సరిచూస్తాను. ఆ పిల్లకేం కాకుండా చూసే పూచీ నాది."

జరిగింది చెప్పాను.

"ఓరి నీ తెలివి తెల్లారా! ఎంత పని చేశావురా!" అంటూ ఆయన గుమ్మంలోనే కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చారు. నల్లబట్టలతో, మెడలో మాలతో వంగి ఆయన కాళ్ళు పట్టుకున్నాను. "లే, లే, నాకివి పడవు," అంటూ నన్ను తోసేస్తూనే ఉన్నారు.