రీలు మొదటి ముక్కలోని పిట్ట

రాయదుర్గంలో మెట్రో దిగి, నడిచేవాడికి కాలు పెట్టే చోటు మిగల్చని ఆ రోడ్ల వెంట పావుగంట నడిచి, మా అల్లుడు ఇంట్లో మరిచిపోయిన బీపీ గోలీలు ఇచ్చి వద్దామని పోయిన నెల నేనొక అద్దాల భవనానికి వెళ్లాను. వాళ్లు నా సంచి వెతికి, ఫోనులో నా ముఖం ఫొటో తీసుకొని, చొక్కాకి ఒక కాగితం అతికించి, అప్పుడు గానీ లోపల సోఫా మీద కూర్చోనివ్వలేదు. మా అల్లుడు అక్కడే సెక్యూరిటీ సూపర్‌వైజరు. సొంత మామనైనా రూలు ప్రకారం నిలబెట్టక తప్పదట. మంచిదే, రూళ్లన్నీ మనలాంటి వాళ్ల మీదే కదా చక్కగా పనిచేసేది. కూర్చొని తలెత్తితే ఎదురుగా గోడ మీద, మనిషి ఎత్తు చట్రంలో, మంచు కురిసి వెలిసిన ఒక పొద్దుటి పూట కనిపించింది. విరిగిన కంచె, కంచె గుంజ మీద తురాయి ముందుకు వంగిన ఒక పిట్ట, దాని ముక్కున రొట్టె తునక, వెనకాల మంచు బరువుకి కొమ్మలు దించిన దేవదారు చెట్లు. చట్రం కింద ఇత్తడి పలక. ఈ సంస్థ స్థాపకులు స్వయంగా తీసిన ఛాయాచిత్రం అని దాని మీద ఆయన పేరు చెక్కారు. ఆ స్థాపకుడు ఒకప్పుడు మా సొరంగం పని మీద పెద్ద ఇంజనీరు. ఆ పిట్టను తీసింది మాత్రం నేను.

పాలమూరు లేబరు అంటే ఏమిటో నా ఈడువాళ్లకు చెప్పనక్కరలేదు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కడుతున్నా, ఎక్కడ కొండ తొలుస్తున్నా మా దిక్కు నుంచి ముఠాలు ముఠాలుగా రైలెక్కేవాళ్లు. ఈ అద్దాల మేడల పునాదుల్లోనూ మా వాళ్ల చెమటే ఉంది, అయినా అది ఏ పలక మీదా కనపడదు. నాలుగో తరగతితో బడి మానేసి, ఆ తర్వాత అక్షరమంతా పొట్లం కాగితాల మీద నేర్చుకున్నవాణ్ని నేను. మా అన్న మేస్త్రిగా ఉన్న ముఠాతో ఇరవై రెండేళ్ల వయసులో హిమాచల్ కొండల్లో ఒక సొరంగం పనికి పోయాను. వంటకి వదిన కూడా వచ్చింది. గోధుమ రొట్టె ఎన్ని తిన్నా మా వాళ్లకు తిన్నట్టే ఉండదు గనుక ఊరి నుంచి జొన్నపిండి బస్తాలు మోసుకుపోయాం.

పని ఎంత సాగిందో చూపడానికి నెలనెలా ఫొటోలు తీసి ఢిల్లీ ఆఫీసుకు పంపాలి. ఆ ఫొటోలు తీసే గుమాస్తా మొదటి మంచుకే మంచమెక్కి, లేవగానే కొండ దిగిపోయాడు. పెద్ద సారు, అదే ఆ ఇంజనీరు, ఆ కెమెరా నా చేతిలో పెట్టింది నా మీద ప్రేమతో కాదు. దాంతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని, పక్కన డిక్షనరీ పెట్టుకొని కూడబలుక్కునే మూర్ఖుడు క్యాంపు మొత్తంలో నేనొక్కణ్నే.

మొదటి రీలు కడిగించి తెస్తే మంచంతా పొయ్యిలో బూడిదలా వచ్చింది. సారు ఆ ఫొటోలను అందరి ముందు బల్ల మీద విసిరి, "ఏమయ్యా, ఇది మంచా, లేకపోతే మన సిమెంటు బస్తా చిరిగిందా?" అన్నాడు. అందరూ నవ్వారు. మా అన్న కూడా నవ్వాడు, నవ్వకపోతే బాగుండదని. ఆ నవ్వు నాకు ఈనాటికీ అరగలేదు. పుస్తకం మళ్లీ మొదటి నుంచి చదివాను, అందులో మంచు మాటే లేదు. నెలన్నర తంటాలు పడితే సంగతి అర్థమైంది. కెమెరా లోపల వెలుతురును కొలిచే సూది ఒకటి ఉంటుంది. తెల్లటి మంచును చూస్తే అది బెదిరిపోయి, వెలుతురు ఎక్కువైంది, తగ్గించు అంటుంది. దాని మాట విన్నామా, మంచు బూడిదే. సూది చెప్పినదానికంటే కెమెరా కన్నును గడిన్నర ఎక్కువ తెరిస్తే అప్పుడు మంచు మంచులా దిగుతుంది. ఇది నాకు ఏ గురువూ చెప్పలేదు.

ఇప్పుడు మా నల్లగండ్ల చెరువు గట్టుకు ఆదివారం ఆదివారం ఫిరంగుల్లాంటి కెమెరాలు మెడలో వేసుకొని వచ్చే సాఫ్ట్‌వేరు పిల్లలను చూస్తుంటాను. పిట్ట రెక్క విప్పేలోపు నూరు ఫొటోలు తీస్తారు, ఇంటికి పోయి తొంభైతొమ్మిది చెరిపేస్తారు. చెరపడానికే తీసేవాణ్ని ఏమని పిలవాలో నాకు తెలియదు.

రీలుకి ముప్పై ఆరు ఫొటోలు, ముప్పై ఆరూ పనివే కావాలి, ఒక్కటి అటూ ఇటూ పోకూడదని సారు హుకుం. అయితే రీలును కెమెరాలో ఎక్కించేటప్పుడు దాని మొదటి ముక్కకు వెలుతురు తగిలి పాడవుతుంది. అందుకని మూత పెట్టాక రెండు మూడుసార్లు ఉత్తగా నొక్కి ఆ ముక్కను వదిలేస్తారు. లోకమంతా చేసేది అదే. నేను మా తాత గొంగడి నెత్తి మీదుగా కప్పుకొని, ఆ చీకట్లో వేళ్లతో తడుముకుంటూ రీలు ఎక్కించేవాణ్ని. అప్పుడు మొదటి ముక్క కూడా పనికొచ్చేది. అందులో రెండు ఫొటోలు పడతాయి. తర్వాతి ముప్పై ఆరూ కంపెనీవి, ఆ రెండూ నావి. నా న్యాయం అప్పుడూ అదే, ఇప్పుడూ అదే.

మా రేకుల కొట్టం వెనక చిన్న పెరడు ఉండేది. వదిన రొట్టెల మాడిన అంచులు తుంచి అక్కడ విసిరేది. మంచు పడి తిండి కరువైన రోజుల్లో ఎక్కడెక్కడి పిట్టలో వాటి కోసం దిగేవి. వాటిల్లో ఒకటి మన పిగిలిపిట్టకు వేలు విడిచిన చుట్టంలా ఉండేది. మనదానికి తోక కింద ఎరుపు, దానికి పసుపు. "అగో, మీ పాలమూరు చుట్టం వచ్చింది తమ్మీ, జర మర్యాద చెయ్యి," అని వదిన ఎగతాళి చేసేది. చలికి బ్యాటరీ చచ్చిపోకుండా కెమెరాను చంకలో పెట్టుకొని, ఊపిరి తగిలి అద్దం మసకబారకుండా నోటికి గుడ్డ కట్టుకొని, పని మొదలయ్యే సైరను మోగేదాకా ఆ పెరట్లో మోకాళ్ల మీద ఉండేవాణ్ని. ఆ చలికాలమంతా అంతే. రీలుకి రెండే కదా, తొందరపడితే కుదరదు. గుంజ మీది పిట్ట కోసం పదకొండు పొద్దులు కూర్చున్నాను. పన్నెండో పొద్దున అది నా వైపు తిరిగింది.

మామూలుగా ఆ రీళ్లు కడిగించి తేవడానికి నేనే కింది పట్నం పోయేవాణ్ని, నా రెండు ఫొటోలు నేను తీసుకునేవాణ్ని. ఆ ఒక్కసారి నాకు జ్వరం వచ్చి సారు డ్రైవరు తెచ్చాడు. కవరు నేరుగా సారు బల్ల మీదికి పోయింది. మళ్లీ చలికాలం తిరిగొచ్చి, కొత్త సంవత్సరానికి కంపెనీ కాలెండరు వచ్చేసరికి జనవరి నెల మీద నా పిట్ట, దాని కింద ఆయన పేరు.

ఆఫీసు కొట్టంలోకి పోయి అడిగాను. ఆయన రాస్తున్న కాగితం మీంచి తల ఎత్తలేదు. "కెమెరా ఎవరిది? కంపెనీది. రీలు? కంపెనీది. నిన్ను ఇక్కడికి తెచ్చిన రైలు టికెట్టు? అదీ కంపెనీదే. ఇందులో నీదేముందయ్యా, ఆ పిట్టా?"

జవాబు నా నాలుక మీదే ఉంది. ఆ ముక్క మీరు పారేసేది, పనికొచ్చేలా చేసింది నేను అని. కానీ చెబితే, ఇన్నాళ్లూ రీలుకి రెండు దాచుకున్నానని బయటపడుతుంది, దాన్ని దొంగతనం అంటారు, మా ముఠా మొత్తం నడి చలికాలంలో దారి పట్టాలి. వాకిట్లోనే నిలబడ్డ మా అన్న నా భుజం పట్టి బయటికి లాగాడు. "తమ్మీ, నలభై పొయ్యిలు నీ నోట్లె ఉన్నయి. మూసుకో."

మూసుకున్నాను. ఆ తర్వాత మళ్లీ ఏ కెమెరానూ ముట్టలేదు.

పోయిన నెల ఆ హాల్లో కూర్చొని ఈ కథంతా మా అల్లుడికి చెబితే అతని ముఖం పాలిపోయింది. "మామా, నీకు దండం పెడ్త. ఏంది గిప్పుడు ఈ లొల్లి? నా నౌకరి పోతే పోరగాండ్ల ఫీజులు నువ్వు కడ్తవా?"

"నీ నౌకరి జోలికి నేనెందుకు పోతా బిడ్డా. ఆ పలక మీద నా పేరుండాలె, అంతే."

"పేరు కూరొండుకుంటవా మామా?"

కూర వండుకోను. కానీ ఒకసారి అన్న మాట విని జీవితమంతా ఊరుకున్నవాణ్ని, ఇప్పుడు అల్లుడి మాట విని మిగిలిన నాలుగు రోజులూ ఊరుకోవడం నా వల్ల కాలేదు. మూడు పేజీల ఉత్తరం రాసుకొని సోమవారం మళ్లీ పోయాను. అక్కడి అధికారిణి మా చిన్నమ్మాయి ఈడుది, కోస్తా పిల్ల, మర్యాదస్తురాలే. ఉత్తరమంతా చదివి, "కథ చాలా బాగుందండి అంకుల్. కానీ ప్రూఫ్ ఏమైనా ఉందాండీ?" అన్నది. కథ అన్నందుకే నాకు ఒళ్లు మండింది. నెగెటివ్ మీ దగ్గరే ఉంటుంది, ఒకటో నంబరుకి ముందున్న ముక్కలో చూడమన్నాను. ఆమె అది రాసుకున్నది. రాసుకొని, కలం మూసి, మెల్లగా అన్నది, "కానీ కెమెరా కంపెనీదే కదండీ."

ఇన్నేళ్లలో ఆ మాటలో ఒక్క అక్షరం అరగలేదు. కంపెనీ పారేసిందాన్ని ఏరుకున్నవాడిదే అది అని, ఆనాడు మింగినదంతా ఈనాడు గట్టిగానే చెప్పాను. రిసెప్షను పిల్లలు తలలు తిప్పి చూశారు, గేటు దగ్గర మా అల్లుడు నేల చూపులు చూశాడు. మీ పెద్దాయన్నే పిలవండి, ఆయన నోటితోనే వింటాను అన్నాను. ఆయన పోయి రెండేళ్లయిందని, ఆ గోడ వైపు తిరిగి ఆమె చేతులు జోడించింది. నేను జోడించలేదు. ఈ మాట రాయడానికి నాకు సిగ్గు లేదు.

పది పన్నెండు రోజులకు మా అల్లుడు డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు విప్పకుండానే, "తీసేసిన్రు మామా," అన్నాడు.

"పేరా?"

"ఫొటోనే. ఎవరిదో తేల్చుకునే పరేషాన్ మనకెందుకన్నరట. ఆడ పెద్ద టీవీ పెట్టిన్రు. మంచు పడ్తనే ఉంటది, పిట్టలు ఎగుర్తనే ఉంటయి. అంతా కంప్యూటరే జేసిందట, ఎవ్వలు తియ్యలే."

నీ నౌకరికేమైనా వచ్చిందా అని అడిగాను. "నాకేమైతది? నువ్వు నా మామవని గూడ తెల్వదు. నా పేరే తెల్వదు పైనోళ్లకు." ఆ చట్రం సెల్లారులో పడి ఉందని, తుక్కులోకి పోయేదేనని, అడిగితే ఇస్తారని, తెమ్మంటే తెస్తానని కూడా అన్నాడు. నేను వద్దన్నాను. నా పేరుతో పదిమంది ఎదుట ఉండాలన్నాను గానీ, మా ఇంట్లో మంచం వెనక ఉండాలని అనలేదు.

ఆ టీవీని ఒకసారి పోయి చూసి వచ్చాను. మంచు మచ్చ లేకుండా ఉంది. పిట్టలు ఏ కొండవో, ఏ ఋతువువో తెలియదు. ఒక్క దానికీ ఆకలి ఉన్నట్టు లేదు. పిల్లలు ఫోన్లు చూసుకుంటూ దాని ముందు నుంచే అటూ ఇటూ పోతున్నారు. అక్కడ నిలబడి చాలాసేపు కోపం తెచ్చుకోవాలని చూశాను, రాలేదు. ఆ ఇంజనీరును నేను క్షమించలేదు, ఇక ముందూ క్షమించను. కానీ బల్ల మీద పరిచిన అన్ని ఫొటోల్లోంచి ఆయన చేయి ఆ ఒక్కదాని మీదికే పోయింది. దొంగిలించాలన్నా ముందు దాని వంక చూడాలి, చూసి ఆగిపోవాలి. మా కాలంలో మమ్మల్ని దోచుకున్నవాళ్లకు కూడా ఆ కన్ను ఉండేది. ఇప్పుడు ఆ హాల్లో తీసినవాడు లేడు, కాజేసినవాడు లేడు, ఆగి చూసేవాడూ లేడు. ఇగ నేను ఎవరితో కొట్లాడాలి?