నవాబు గుర్రం పక్కన మనిషి

ఫ్లెక్సీలు వచ్చి, గోడల మీద బొమ్మలు వేసే మా నాయనను మూలన కూర్చోబెట్టిన రోజులవి. కర్నూలు బస్టాండు దగ్గర ఒక లాడ్జి యజమాని కబురు పెడితే, నాయన చెయ్యి వణుకుతోందని, ఆయన దగ్గరే పని నేర్చుకున్న నేను వెళ్లాను. యజమాని ఒక పాత పటం చూపించాడు. నవాబుకు ప్రాణమైన స్వారీ గుర్రం, నల్లటిది. దాని భుజానికి ఆనుకుని, కళ్లెం పట్టుకుని, తల వంచుకున్న ఒక మనిషి. లోపలి గోడ మీద అచ్చంగా ఇలాగే దించమన్నాడు.

అచ్చంగానే దించాను. గుర్రం మెడ మీద నిగనిగ చూసి నాకు నేనే మురిసిపోయాను.

యజమాని వచ్చి చూసి మొహం చిట్లించాడు. “గుర్రం శానా బాగుండాది. ఈ బక్కోడు ఎందుకమ్మా? చెరిపేయ్. వచ్చినోళ్లు నవాబును తలుచుకోవాల గానీ, గుర్రాలు తోమేవాన్ని కాదు.”

నాకు ఒళ్లు మండింది. మా తాత డోన్ స్టేషను ముందు జట్కా తోలినవాడు. తన కడుపు మాడినా గుర్రానికి ఉలవలు ఉడికించి పెట్టేవాడు. నవాబు ఎక్కాడు, దిగాడు, అంతే. సాకింది ఈ బక్కోడే కదా!

“చెరపనప్పా. ఇంకెవుర్నన్నా పిలుచుకో” అని కుంచెలు సర్దుకున్నాను.

ఇంట్లో చెబితే నాయన తల పట్టుకున్నాడు. “వచ్చిందే ఒక పని. అదీ పాయె. రోషం కూడు పెడ్తాదా పాపా?”

“పెట్టదు. అయినా చెరపను.”

యజమాని సున్నం కొట్టేవాణ్ణి పిలిపించాడు. వాడు పూసేసరికి నల్లటి గుర్రం మీద మనిషంత తెల్లమచ్చ తేలింది. లాడ్జికి వచ్చినవాళ్లు గుర్రాన్ని వదిలేసి, “ఈడ ఎవురప్పా నిలబడుకోనుండేది?” అని అడగడం మొదలుపెట్టారు. ఆ సంగతి తెలిసి, తగిన శాస్తి అనుకున్నాను. నా సంబరం దాచుకోవడం దేనికి!

మళ్లీ కబురొచ్చింది. “ఆ మచ్చ కనపడకుండా గుర్రం ఒళ్లు దిద్దమ్మా, పుణ్యముంటాది” అన్నాడు యజమాని.

“మనిషినైతే పెడతా. లేదంటే మచ్చతోనే ఉండనీ.”

ఆయన కాసేపు గోడను, కాసేపు నన్ను చూసి, “పెట్టు పో” అని విసుక్కున్నాడు.

పెట్టాను. ఆ రోజు నాయన కూడా వచ్చి రంగులు కలిపిచ్చాడు. నేను ముఖం గీస్తుంటే పాత పటం కేసి చూపించి, “తల వంచుకోనుండాడు గదా, మర్చిపోయినావా?” అన్నాడు.

“మర్చిపోలేదు నాయనా” అన్నాను. “ఈసారి వంచడు.”