మా మిట్ట మీద ఎర్ర రంగు

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయే బస్సులో ఒక అమ్మాయి నా పక్కన కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది. ఆకాశం నుంచి తీసిన ఫొటోలో మా ఊరి మిట్టను చూడగానే గుర్తుపట్టాను. దాని నిండా ఎర్ర రంగు పూసి ఉంది.

"ఏందమ్మా ఇది? మా మిట్టకు ఆ రంగెందుకు?" అన్నాను.

"యూనివర్సిటీలో పరిశోధన అండీ. సోలార్ పలకలు పెట్టడానికి ఖాళీ భూములు ఎక్కడున్నాయో కంప్యూటరే వెతికి ఎర్ర రంగు వేస్తుంది. బొగ్గు కాల్చడం తగ్గుతుంది కదా."

"ఖాళీనా? మా గొర్రెలన్నీ ఆడే మేస్తాండాయి. నిన్ను ఎవరు పంపించినారు?"

ఆమె కోప్పడలేదు. "కంప్యూటర్‌కు గొర్రెలు కనబడలేదండీ. మేత భూమి ఎంతవరకో మీరే వేలితో గీయండి, మారుస్తాను" అని తెరను నా వైపు తిప్పింది.

వేలు అనగానే మా నాయన గుర్తొచ్చాడు. ఎవరి మాటో నమ్మి కాగితం మీద వేలిముద్ర వేసి, ఉన్న చేను పోగొట్టుకున్నాడు. చెయ్యి కండువా కింద దాచుకున్నాను.

"నేనేం గీయను" అని, మా ఊరికి ముందు స్టాపులోనే దిగిపోయాను.

మిట్ట మీద ఇప్పటికీ మా గొర్రెలే మేస్తున్నాయి. అటువైపు ముక్కూ మొహం తెలియని వాళ్ల జీపు వచ్చినప్పుడల్లా ఆ అమ్మాయి గుర్తొస్తుంది. ఆ రోజు గీసి ఉండాల్సిందా, గీయకపోవడమే మంచిదైందా అన్నది నాకింకా తేలలేదు.