తెల్ల రేకుల కథ

కాజాలమ్మాయి సూపర్‌వైజరు మీద మనసు పడిందని చొక్కాలు కుట్టే షెడ్డంతా కోడై కూసింది. లేకపోతే రోజూ కథల్లో అతణ్ణి ఆకాశానికెత్తడమేమిటి? అతను షెడ్డు కప్పు రేకుల మీదికెక్కిన రోజు, మిట్టమధ్యాహ్నం ఎండలో, కింద కళ్లార్పకుండా నిల్చోవడమేమిటి? కిటికీలోంచి నలుగురూ చూశారు.

సూపర్‌వైజరుకి ఆడవాళ్లు పెట్టిన పేరు గడియారం. పలకరిస్తే టైము చెబుతాడు. పోయిన ఎండాకాలం ఆ ఇనుప రేకుల కింద, ఇస్త్రీ బల్ల దగ్గర కాజాలమ్మాయి అక్క కూలబడితే, "నాటకాలాపి లేమ్మా, ఇంకా రెండు గంటల పనుంది" అన్నది అతనే. ఇరవై నిమిషాలు మంచినీళ్లు కూడా ఇవ్వనివ్వలేదు. అక్క ఆసుపత్రిలో బతికి బట్టకట్టింది గానీ, ఇంకోసారి వడదెబ్బ తగిలితే తనవల్ల కాదన్నాడు డాక్టరు. ఈ ఏడు ఎండలు ఇంకా మండిపోతున్నాయి. అక్కకి ఇస్త్రీ తప్ప వేరే పని రాదు. వచ్చే సోమవారం అదే బల్ల దగ్గరికి రావాలి.

కాజాలమ్మాయి ఏడవలేదు, అరవలేదు. కథ మొదలుపెట్టింది.

ఆ షెడ్డులో చొక్కా చేతులు మారుతూ పోతుంది. కాలరు నుంచి కాజాలకి, కాజాల నుంచి బొత్తాలకి, అక్కణ్ణుంచి ఇస్త్రీకి. దానితోపాటే మాటా పోతుంది.

"పదేళ్ల తర్వాత సంగతి వదినా," అంది బొత్తాలామెతో. "ఈ వీధిలో కప్పులన్నీ తెల్లగా మెరుస్తున్నాయి. ఎండ వచ్చి, తాకి, సిగ్గుపడి వెనక్కి పోతోంది. పసిపిల్లలు మధ్యాహ్నాలు హాయిగా నిద్రపోతున్నారు. మొదటి కప్పుకి రంగేసిందెవరో తెలుసా? మన గడియారం సారే!"

"ఆయన మెట్లెక్కితేనే ఆయాసపడతాడు, కప్పెక్కుతాడటే!"

"ఎక్కాడు వదినా. ఒళ్లంతా చెమట."

నాలుగు రోజులు కథ చొక్కాల వెంట తిరిగింది. యజమాని చెవిన పడేసరికి 'ఎక్కుతానన్నాడట' అయింది. ఆయన అందరి ముందూ గడియారం భుజం తట్టి, "శభాష్! ఎప్పుడెక్కుతున్నావు?" అన్నాడు. గడియారం కక్కలేక మింగలేక "శనివారం సార్" అన్నాడు. ఆడవాళ్లు తమ ఇళ్లలో మిగిలిన తెల్లరంగు డబ్బాలన్నీ మోసుకొచ్చారు.

చల్లపొద్దునే ముగించాలనుకున్నాడు గడియారం. డబ్బాలు అందించే పని అడిగి మరీ తీసుకున్నది కాజాలమ్మాయి. మొదటి డబ్బా అతనికి అందేసరికి పదిన్నర.

సోమవారం అక్క వచ్చింది. ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి పైకి చూసి, "ఇదేంటే, ఊపిరాడుతోంది!" అంది. అప్పటికే బొత్తాలామె తన ఇంటి కప్పుకీ రంగేయించింది. ఆమెను చూసి వీధిలో మరో మూడిళ్లవాళ్లు వేశారు.

కాజాలమ్మాయి కింద నిల్చున్న మాట నిజమే. రంగేయడం అయ్యాక కూడా నిల్చుంది. "అమ్మాయ్, కాళ్లు కాలిపోతున్నాయ్! నీళ్లు!" అని పైనుంచి అరుపు. లోపల మిషన్ల మోతలో ఎవరికీ వినబడలేదు.

"నాటకాలాపండి సార్," అందామె.

అలా ఇరవై నిమిషాలు. నిచ్చెన ఆమె కాళ్ల దగ్గర, నేలమీద ఉంది.