తల వంచిన ఇంజినీరు

ఇంజినీరుకి చూపించకుండా ఇల్లు కొన్నానని మా ఆడపడుచు ఊరంతా చెబుతోంది. పచ్చి అబద్ధం. చూపించాను. నా కొంప మునిగింది చూపించకపోవడం వల్ల కాదు, చూపించడం వల్లే.

విజయనగరంలో ఒక పాత మేడ బేరానికొచ్చింది. మా ఇద్దరి జీతాల్లో మిగిలిందంతా దానికే పోతుంది.

"మన వీధి సివర ఇంజినీరున్నాడు కదే, అతనికి సూపిద్దాం" అన్నారు మా ఆయన.

"ఆయన ఇల్లుగలాయనకి తోడల్లుడో, మేనల్లుడో అయ్యుంటాడు. ఈ ఊళ్లో ఎవరికీ బంధువు కాని ఇంజినీరుని చూపించండి, అప్పుడు మాట్లాడదాం."

నాతో వాదించి గెలిచినవాళ్లు మా ఇంట్లో లేరు. పొరుగు జిల్లాకి పోయి, నరసన్నపేటలో హైవే మీద బోర్డు చూసి ఒకాయన్ని పట్టాను. "ఇల్లుగలాయనకి మీరేమవుతారు?" అని నిలదీశాను. "ఏటీ అవనమ్మా" అన్నాడు. నాకు కావలసిందదే.

ఇల్లుగలాయన ఊళ్లో లేడు, తాళాలు పక్కింట్లో ఇచ్చాడు. తాళం తీసినా తలుపు కదల్లేదు. తోసి తోసి చెమటలు కక్కుతున్న మా ఆయన్ని పక్కకి జరిపి, ఇంజినీరు తలుపు కాస్త పైకెత్తి కింద మూల మోకాలితో ఒక్కటిచ్చాడు. పిలిచిన కుక్కపిల్లలా వచ్చేసింది. లోపల చీకటి. మేం గోడలు తడుముతూంటే, ఆయన చెయ్యి సరాసరి తలుపు వెనకున్న స్విచ్చు మీదకెళ్లింది. మేడమెట్ల దగ్గర దూలం మా ఆయన నుదుటికి ఠంగుమని తగిలింది. ఇంజినీరు మాత్రం వెనక్కి తిరిగి నాతో మాట్లాడుతూనే, సరిగ్గా అక్కడ తల వంచి వెళ్లిపోయాడు.

"ఏటే, ఈ బాబుకి ఇల్లంతా తెలిసినట్టున్నాది?" అన్నారు మా ఆయన నుదురు రాసుకుంటూ.

"అనుభవమంటే అదండీ. చూసి నేర్చుకోండి."

ఇంజినీరు గోడని గేదెని నిమిరినట్టు నిమిరాడు. "ఇంత మంచి పనోడు ఈ రోజుల్లో దొరకడమ్మా. కళ్లు మూసుకుని కొనీయండి."

అక్షరాలా అదే చేశాను.

గృహప్రవేశం నాడు ఆయనకి శాలువా కప్పి, నిజాయితీ మీద ఉపన్యాసమిచ్చాను, మా ఆడపడుచుకి వినపడేలా. అంతలో పాత ఇల్లుగలాయన వచ్చి ఆయన్ని కావలించుకున్నాడు.

"ఏటి బాబూ, నువ్వు కట్టిన ఇంట్లో నీకే శాలువా కప్పీసినారేటి?"

ఆ శాలువా కొస పట్టుకుని అడిగాను. "మీరే కట్టారని చెప్పలేదేం?"

"బంధువునా అని అడిగేరు గానీ, కట్టేనా అని అడగనేదు కదమ్మా."

మా ఆయన నావైపు చూశారు. ఇన్నేళ్ల కాపురంలో మొదటిసారి గెలిచారు, అదీ నోరు విప్పకుండా.

ఆ దూలం సాక్షిగా, అది నా నుదుట రోజూ లేపుతున్న బొప్పి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ ఇల్లు చూడ్డానికెళ్లినా, తల కొట్టుకున్న ఇంజినీరునే నమ్ముతాను.

అన్నీ సరే. అక్కడ తల వంచాలని అంత బాగా తెలిసిన మనిషికి, ఆ దూలం జానెడు పైకి వెయ్యడానికి ఏం అడ్డొచ్చింది?