కర్మకు కావలసిన కొడుకు

విశాఖ నుంచి ఊరికి తిరిగొస్తూ, అరవయ్యేళ్ళకు నేర్చిన అక్షరాలతో రైల్లో మనవరాలి కథల పుస్తకం పైకి చదువుతున్నాను. అందులో ఒక మాయారాజ్యం. పన్నెండేళ్ళు నిండిన పిల్లలు తాము ఆడో మగో తామే చెబుతారు. ఊరంతా దానికి తలూపుతుంది.

ఎదురుగా చీర కట్టుకున్న ఒక హిజ్రా వింటోంది. ఆమె పక్కన చోటున్నా ఒకాయన నిలబడే ఉన్నాడు.

"నానూ సెప్పినానమ్మా. మా అయ్య గెంటీసినాడు," అంది. "ఇప్పుడు అమ్మ పోనాది. కొడుకులా వస్తేనే కర్మ సెయ్యనిత్తారట."

ఎలమంచిలి దగ్గరపడగానే సంచి పట్టుకుని బాత్రూంలోకెళ్ళి, బొట్టు కడిగేసుకుని, చొక్కా ప్యాంటుతో వచ్చింది.

నిలబడ్డాయన అప్పుడు కూర్చున్నాడు. పక్కన చోటు చూపిస్తూ, "ఇప్పుడు బాగున్నావ్. రా బావా, కూకో," అన్నాడు.

ఆమె కూర్చోలేదు.