గంట మాది, గొట్టం వాళ్లది

చింతపండు గుజ్జుతో ఇత్తడి తోమినప్పుడు లేచే పుల్లటి వాసన ఈ పొద్దున కూడా నా వేళ్లను వదల్లేదు. నేను తోమేది బిందెను కాదు, మా తాత ట్రాంబోన్‌లో వెడల్పుగా విచ్చుకునే గంట భాగాన్ని.

సూర్యాపేటలో మా తాత బ్యాండు మాస్టరు. మాఘం మొదలై ఎండలు ముదిరేదాకా, కోదాడ నుంచి మిర్యాలగూడ దాకా, ఆయన తీరిక చూసుకునే పెళ్లి బరాత్‌లు తీసేవారు. కొబ్బరినూనె రాసిన గొట్టాన్ని ఆయన ముందుకు తోస్తే జనం వెనక్కి జరిగేవారు, దుమ్మూ మల్లెపూలూ కలిసిన వాసనలో మేం పిల్లలం వెనకే నడిచేవాళ్లం, పెళ్లింట్లో విడిగా చాప వేసి వడ్డిస్తే తప్ప ఆయన బగారన్నం ముట్టేవారు కాదు. ఊరికి ఆ వాద్యం జారుడు బాకా, మాకు ఏనుగు తొండం. ట్రాంబోన్ అంటే ఆ మాట పుట్టిన భాషలో పెద్ద బాకా అని అర్థమట. మరో దేశంలో కాగితాలను కలిపి పట్టే తీగముక్కనూ అదే పేరుతో పిలుస్తారట. మా పంపకం కాగితాలకు ఆ తీగముక్క ఉంది, తుప్పుపట్టి.

తాత పోయిన నెలకే నాన్నా చిన్నాయనా పంపకాలకు కూర్చున్నారు. డోళ్లు, జరీ కోట్లు అన్నీ పంచుకున్నాక ట్రాంబోన్ మిగిలింది.

"పెద్దోన్ని నేను. గంట నాది," అన్నాడు నాన్న.

"ఉంచుకో అన్నా. అండ్ల బియ్యం కొల్సుకో. ఊదేది గొట్టంల, గది నాది," అన్నాడు చిన్నాయన.

"తీస్కపో. పొయ్యి ఊదుకో."

పెద్దమనుషులు నవ్వి, మర విప్పి, చెరో ముక్క చేతిలో పెట్టారు. చిన్నాయన కోదాడ వెళ్లిపోయాడు. ఆ రోజుతో మా బ్యాండు ఖతం. నవ్విన వాళ్లను నేను ఇప్పటికీ క్షమించలేదు. చిన్నాయనను అసలే క్షమించలేదు. నాన్న పాడె లేచిన రోజు కూడా ఆయన రాలేదు.

పోయిన నెల ఆయన కొడుకు తువ్వాలలో చుట్టిన గొట్టంతో వచ్చాడు. కూర్చోమనలేదు.

"అక్కా, మా పాప స్కూల్ బ్యాండులో నేర్చుకుంటానంటుంది. మీ గంట ఇస్తే రెండూ కలుపుతాం."

"మా నాయిన గంట మీ గడప తొక్కది."

వాడు తువ్వాల విప్పాడు. "అయితే ఇదే మీ దగ్గర ఉండనీ అక్కా. ఒక్క ఇంట్లో అన్నా ఉంటయి," అని గొట్టాన్ని వసారా అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఎత్తి చూశాను. చప్పుడు లేకుండా జారింది. ఇన్నేళ్లూ నూనె రాస్తూనే ఉన్నారన్నమాట.

ఇప్పుడు బరాత్‌ల ముందు డీజే బండ్లు పోతున్నాయి. మా తాత పేరు తలిచేవారు లేరు. గంట లోపలి గదిలో ఉంది, గొట్టం వసారాలో. నా ముక్కను వారం వారం తోముతాను. వాళ్లదానికి నూనె ఆరిపోతోంది. కొబ్బరినూనె సీసా పక్కనే ఉంది. నేను రాయను.